భీమశంకరం బాబాయి గట్టిమేళం
మా భీమశంకరం బాబాయి దృష్టిలో పెళ్ళి సంగీతానికి ఒకటే పని. తాళి కట్టేటప్పుడు ఎవరి తుమ్మూ వినబడనివ్వకూడదు. 1984లో న్యూజెర్సీలో ఆయన కూతురు రేణు ఒక యూదుల అబ్బాయిని చేసుకుంటానంటే, కులగోత్రాల ఊసెత్తకుండా మేళం మాత్రం నేనే కుదురుస్తానన్నాడు.

యూదుల పెళ్ళిళ్ళలో వాయించే పాతకాలపు సంగీతాన్ని క్లెజ్మర్ అంటారు. అలాంటి బృందాలు మూడింటిని ఇంటికి పిలిచి వాయించమన్నాడు. క్లారినెట్ ఎంత తియ్యగా ఏడ్చినా ఆయన కరగలేదు. మూడో బృందం అందుకునేసరికి గోడమీది క్యాలెండర్ ఊడిపడింది.

"వీళ్ళని బుక్ చేయరా. తుమ్ము కాదు, నెత్తిమీద ఫ్లైట్ వెళ్ళినా వినబడదు" అన్నాడు నాతో.

పెళ్ళిరోజు తాళి నిర్విఘ్నంగా పడింది. తర్వాత వాళ్ళ పద్ధతి ప్రకారం అల్లుడు గాజుగ్లాసును కాలికింద టప్పున పగలగొట్టాడు. ఆ ఆచారం సంగతి బాబాయికి ఎవరూ చెప్పలేదు. శుభకార్యంలో గాజు పగలడమా అని అదిరిపడి, చూపుడువేలు ఆడిస్తూ "గట్టిమేళం, గట్టిమేళం" అని కేకపెట్టాడు. అదే క్షణాన బృందం హోరెత్తించింది.

గ్లాసు పగలగానే మేళం అందుకోవడం కూడా వాళ్ళ ఆచారమే. ఆ ముక్క ఆయనకి నేను చెప్పను, మీరూ చెప్పకండి. ఏటా కూతురి పెళ్ళిరోజున ఆయన ఆ వేలికి గంధం రాసుకుంటాడు.