పెళ్లి గుర్రం, గోధుమల సంచి

మా మామ, అంటే మా ఆయన వాళ్ల నాన్న, పెళ్లిళ్లకు గుర్రం నడిపేవాడు. ముసలి గుర్రం పోయాక కొత్తగా ఒక తెల్ల గుర్రాన్ని కొన్నాడు. చూడటానికి ముచ్చటగా ఉండేది కానీ ఒట్టి పిరికిది. మొట్టమొదటిసారి డప్పు చప్పుడు వినగానే బెదిరి, పగ్గం పట్టుకున్న మామను ఈడ్చి పడేసింది. ఆయన మోకాలు చితికింది. అప్పటి నుంచి ఆయన గుర్రాన్ని కట్టేసిన కొట్టం వైపు కన్నెత్తి చూడలేదు. మంచం మీద కూడా అటు వీపు తిప్పి పడుకునేవాడు.

"పెండ్లిళ్లు మొదలయ్యేదాంక చూస్త. మొదటి బరాత్‌ల బెదిరిందా, అమ్ముడే," అన్నాడు.

మరి అప్పటిదాకా దాన్ని సాకేది ఎవరు? నేనే. మా ఆయన బస్సు డ్రైవరు, తెల్లారేసరికి డ్యూటీలో ఉంటాడు. నేను పొద్దున నల్లా నీళ్లు పట్టాలి, వంట చేయాలి, పాపను బడిలో దింపాలి, పదింటికల్లా టైలర్ షాపులో కుట్టుమిషను ముందు కూర్చోవాలి. మధ్యలో ఈ గుర్రం ఒకటి! లద్దె ఎత్తాలి, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి, శనగలు నానబెట్టాలి. మొదట్లో రోజూ తిట్టుకుంటూనే దాన్ని తోమాను. అది మాత్రం చెవులు నావైపు తిప్పి తిట్లన్నీ శ్రద్ధగా వినేది. ఆ ఇంట్లో నా మాట అంత శ్రద్ధగా ఇంకెవరూ వినలేదు. నెల తిరిగేసరికి నా మనసు మారింది, దాన్ని అమ్మనివ్వకూడదనుకున్నాను.

బరాత్‌కు, అంటే పెళ్లి ఊరేగింపుకు, అలవాటు పడాలంటే గుర్రాన్ని రోజూ చప్పుళ్లలో తిప్పాలి. దానికి వేరే గంట ఎక్కడి నుంచి తేను? అందుకే బజారు పనులకు దాన్నీ వెంటబెట్టుకుపోయాను. మా బస్తీ జహనుమా గల్లీల్లో పెళ్లి గుర్రం వీపు మీద గోధుమల సంచి వేసుకుని పోతుంటే జనం నవ్వేవారు. నవ్వనీ! మా ఇంట్లో గోధుమలు అయిపోతే పక్కింటివాళ్లవి అడిగి మరీ మోసుకుపోయాను.

ముందు పిండి గిర్ని. ఆ మోతకు మొదటిరోజు గుర్రం వణికిపోయింది. గిర్ని ఆయన కసురుకుంటాడనుకున్నాను. ఆయన గుప్పెడు తవుడు తెచ్చి దాని మూతి దగ్గర పెట్టి, "భయమైతుందా బిడ్డా? రోజు రా, అదే పోతది," అన్నాడు. నాకు ఆలస్యం కాకూడదని ముందు నా సంచే అందుకునేవాడు. ఆ తర్వాత మామకు గోలీలు కొనే మందుల దుకాణం. పక్కనే వెల్డింగ్ షాపు ఉంది, నిప్పురవ్వలు ఎగురుతుంటాయి. దుకాణం ఆయన బెల్లం ముక్క పెట్టి మాట్లాడిస్తుంటే, అది రవ్వల సంగతి మరచిపోయేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి బరాత్ మా బస్తీలోనే దొరికింది. పగ్గం నేనే పట్టాను. ఆడమనిషి గుర్రాన్ని నడిపించడం చూసి పెళ్లివారు ముఖాలు చూసుకున్నారు. సాయంత్రం మర్ఫా డప్పులు మొదలయ్యాయి, పటాకులు పేలాయి. గుర్రం చెవి కూడా కదపలేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. అలా నడిచి నడిచి, గిర్ని ముందుకు రాగానే అది ఆగిపోయింది.

పగ్గం లాగాను. బతిమాలాను. అడుగు వేయదే! పిండి పట్టించుకుని వచ్చేదాకా అక్కడ కదలకుండా నిలబడాలని నేర్పింది నేనే కదా.

"ఏందమ్మా ఇది, గుర్రమా గుంజనా? ముహూర్తం దాటిపోతుంది!" అని పెళ్లికొడుకు మేనమామ లొల్లి మొదలుపెట్టాడు.

ఈ సంగతి తెలిస్తే మామ దాన్ని ఉంచుతాడా? అంతలో కనుబొమల నిండా పిండితో గిర్ని ఆయన బయటికొచ్చాడు. చూడగానే ఆయనకు అర్థమైంది. గుప్పెడు తవుడు తినిపించి, మెడ తట్టి, "పిండి పట్టుడైంది, ఇగ పో బిడ్డా," అన్నాడు. కదిలింది! మళ్లీ మందుల దుకాణం ముందు ఆగింది. దుకాణం ఆయన అప్పటికే బెల్లం ముక్కతో మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పెళ్లికొడుకు తలపాగా పట్టుకుని ఒకటే నవ్వు. ఇప్పటికీ ఆ గల్లీలో పోతే ఆ ఇద్దరికీ మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఇంటికి వచ్చేసరికి మామ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"బెదిరిందా?"

"లేదు మామా. గని రెండు తావుల ఆగింది. గిర్ని కాడొకసారి, మందుల దుకాణం కాడొకసారి."

"మందుల దుకాణం కాడ ఎందుకు?"

"రోజు నీ గోలీలకు ఆగుతం గద. ఇయాల గూడ తీస్కుంటననుకున్నది."

ఆయన మోకాలు నిమురుకున్నాడు. తర్వాత కర్ర అందుకుని, కుంటుకుంటూ కొట్టంలోకి పోయాడు. గుర్రం ఆయన చేతిని వాసన చూసింది.

"నా గోలీలకు ఆగినవా?" అంటూ దాని మెడ మీద చెయ్యి వేశాడు.

నేను తలుపు చాటున నిలబడి ఏడ్చాను. లోపలి నుంచి మామ కేకేశాడు.

"శనగలు యాడ వెట్టినవ్ బిడ్డా? రేపటికి నేను నానేస్త."