చెప్పుల్లేని జోస్యం

రేసుకు ముందురోజు చెప్పులు విడిచి ట్రాక్ మొత్తం కాలినడకన తిరిగి, తమ కారు ఎన్నో స్థానంలో వస్తుందో ప్రకటించకపోతే జోస్యంగారికి ముద్ద దిగదు. ఆయన ఉద్యోగం టైర్లు చూసుకోవడం. జోస్యం చెప్పమని ఎవరూ అడగలేదు. అయినా ఆరేళ్లుగా ఒక్క రేసూ వదల్లేదు. ఆరేళ్లుగా ఒక్కటీ నిజం కాలేదు.

ఆయన వస్తున్నారంటేనే పెద్ద మెకానిక్‌కు నీరసం. పాపం, ఆమె అప్పుడే నడుం వాల్చబోతుండేది. ఈయన అరికాళ్లు దులుపుకుంటూ, తిన్నని దారి పొడుగ్గా ఉంది, గాలికి అడ్డు తగలకుండా కారు వెనక రెక్క దించమనేవారు. ఇంకో ఊళ్లో అన్నీ మలుపులే, రెక్క ఎత్తితే తప్ప బండి రోడ్డును పట్టుకోదనేవారు. మరోచోట తారు గరుకు, టైర్లను ఆకురాయిలా అరగదీస్తుందనేవారు. ఆమె నిట్టూర్చి మళ్లీ కారు కిందికి దూరేది. ఆ సలహాలు ఏనాడూ తప్పలేదు. తప్పేదల్లా స్థానమే. ఆయన పదిహేడంటే పద్నాలుగు వచ్చేది, పంతొమ్మిదంటే పదహారు.

గెలుపు మొహం ఎరగని జట్టు అది. అయినా జోస్యంగారిని ఓడించామని రేసు కాగానే షెడ్డంతా గంతులేసేది. డ్రైవరైతే ఆయన బట్టతలకు ముద్దుపెట్టేవాడు.

చివరికి యజమానికి విసుగొచ్చింది. ఆరేళ్లలో ఒక్క అంచనా కుదరనివాడు టైర్లేం చూస్తాడని, ఈ రేసుతో ఆయన్ని పంపించేస్తానని పెద్ద మెకానిక్‌తో అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన మరోసారి ట్రాక్ చూడబోతుంటే ఆమె కాళ్లీడ్చుకుంటూ వెంట వెళ్లి సంగతి చెప్పింది. ఆయన మలుపు దగ్గర వంగి తారు తడుముతూనే ఉన్నారు.

"ఇంత తెలిసిన మనిషి. ఆ ఒక్క అంకె దగ్గరే ఎలా తప్పుతారు, బాబాయ్?"

"అదీ తెలుసమ్మాయ్. రేపు పన్నెండో స్థానం."

"మరి పొద్దున అందరికీ పదిహేనని చెప్పారుగా?"

"పన్నెండని చెప్పి పన్నెండొస్తే ఎవరికి సంబరం? నడుం విరిగేలా పనిచేస్తారు మీరంతా. ఇంటికెళ్లేముందు కనీసం నన్నైనా గెలవొద్దూ?"

ఉద్యోగం ఇంకెక్కడైనా దొరుకుతుందని చెప్పి, ఈ మాట మాత్రం ఎక్కడా అనొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఆమె ఒట్టు తీసి గట్టున పెట్టి, తిన్నగా యజమాని దగ్గరికి వెళ్లింది. అతను నమ్మలేదు. రేపు పన్నెండు వస్తే నమ్మమంది.

మర్నాడు పన్నెండే వచ్చింది. షెడ్డులో గంతులు మొదలయ్యాయి. ఎన్నడూ అటు రాని యజమాని గుమ్మంలో నిలబడి కాసేపు ఆ గోల చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, అందరూ వినేలా కసిరాడు.

"పదిహేనన్నారు కదండీ? మిమ్మల్ని పెట్టుకున్నందుకు నన్ననాలి. కనీసం వచ్చే రేసుకైనా సరిగ్గా చెప్పండి."

వచ్చే రేసు అన్న మాట చెవినపడ్డాక పెద్ద మెకానిక్ నడుం పట్టుకుని టైర్ల దొంతర మీద కూలబడి, ఎన్నాళ్లకో నవ్వింది.

జోస్యంగారు బుద్ధిగా తల వంచుకున్నారు. "ప్రయత్నిస్తానండీ," అన్నారు.