వెయ్యి చుట్లు విప్పి చుట్టిన మేస్త్రీ

జవాబు పత్రాలు దిద్ది తిరిగొస్తూ ఎమ్మిగనూరు బస్సులో కూర్చున్నాక ఫోను మోగింది. ఆదోనిలో వైండింగ్ షాపు పక్కన టీ బంకు నడిపే ఆమె.

"టీచరమ్మా, మేస్త్రీ పోయినాడు. నిన్న పొద్దున పండుకున్నోడు పండుకున్నట్టే ఉండె. మధ్యాన్నమే మట్టి సేసినారు. నీ నంబరు ఇప్పుడు దొరికె."

సరే అక్కా అన్నాను. దిగి వెనక్కి ఆదోని వెళ్ళే ఓపిక లేదు. వెళ్ళినా చూడడానికి మనిషి లేడు.

ఆదోని పత్తి మిల్లుల మోటార్లకూ, చుట్టుపక్కల పల్లెల బోరు మోటార్లకూ నలభై ఏళ్ళు రాగితీగె చుట్టిన మనిషాయన. కాలిన మోటారు ఎవరు తెచ్చినా మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తెచ్చిన రైతు ఏదో చెప్పబోతే "ముందు వాసన సూడనీప్పా, మళ్ళ మాట్లాడదాం" అనేవాడు. టీ సగం తాగి గ్లాసు ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు.

నేను ఎమ్మిగనూరులో ప్రభుత్వ బడిలో ఫిజిక్స్ చెబుతాను. రెండేళ్ళ కిందట సైన్సు ప్రదర్శన కోసం పాడే టెస్లా కాయిల్ ఒకటి చేద్దామనుకున్నాను. నిలువు పైపు మీద వెయ్యి చుట్ల సన్న తీగె, దాని కింద ఏడెనిమిది చుట్ల లావు తీగె. కరెంటు పెడితే పైకొస నుంచి గాలిలోకి మెరుపు లేస్తుంది. ఆ మెరుపును ఏ స్వరానికి తగ్గట్టు ఆపి ఆపి వదిలితే ఆ స్వరం పలుకుతుంది. స్పీకరు అక్కర్లేదు. ఆ వెయ్యి చుట్లు చుట్టడం మాత్రం నావల్ల కాలేదు. మూడుసార్లు తీగె తెగాక పైపు పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను.

"ఏం మోటారమ్మా ఇది?"

"మోటారు కాదు మేస్త్రీ, పాడుతుంది."

"తిరగదా?"

"తిరగదు."

"తిరగనిదానికి ఇంత తీగె ఎందుకో" అంటూనే పైపు అందుకున్నాడు. వారంలో చుట్టి, వార్నిష్ పూసి ఇచ్చాడు.

అక్కడి నుంచి మొదలైంది కష్టం. ఆయన షాపులోనే అన్నీ బిగించి స్విచ్ వేయగానే ట్రాన్సిస్టర్ పేలింది. ఇంకోటి పెడితే అదీ పోయింది. కింది తీగె రెండు కొసలూ తారుమారు చేసి కలిపాక మెరుపైతే లేచింది గానీ చిటికెన వేలంత కూడా లేదు. చీదినట్టు ఒక్క స్వరం పలికి ఆరిపోయేది. ఆదివారం వస్తే బస్సెక్కి ఆదోని, సాయంత్రానికి మళ్ళీ బస్సు. లెక్కలన్నీ తిరగేశాను. ఎర్తింగు మార్చాను. ప్రదర్శన జరిగిపోయింది. మా పిల్లలు అట్టపెట్టెతో చేసిన సోలార్ కుక్కర్ పట్టుకుపోయారు. ఇంక వదిలేద్దాం మేస్త్రీ అన్నాను. ఆయన పైపు దగ్గర ముక్కు పెట్టి చాలాసేపు ఉన్నాడు.

తరువాతి ఆదివారం తనే ఫోను చేసి రమ్మన్నాడు.

"తప్పు నీ లెక్కలో లేదు టీచరమ్మా, నా తీగెలో ఉంది" అని పైపు నడుమ గోరు పెట్టి చూపించాడు. "ఈడ తీగె మీద తీగె ఎక్కింది. లోపల్లోపలే కాలతాంది. సుట్టిన పొద్దే గోటికి తగిలె. కంట్లో పొర వచ్చింది, సుట్టేటప్పుడు సరిగా కనపడల్యా. నలభై ఏండ్ల పనోణ్ణి, సెప్పేకి నామోషీ అయ్యి వార్నిష్ పూసి మూసినా."

"మూడు నెలలు మేస్త్రీ" అన్నాను కోపంగా.

"అవును" అన్నాడు. తల దించుకోలేదు, సర్దిచెప్పుకోలేదు. ఆ తీగె మొత్తం నా ముందే విప్పేశాడు.

మళ్ళీ చుట్టడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. కళ్ళు మూసుకుని, పక్క చుట్టును బొటనవేలి గోటితో తడుముకుంటూ చుట్టాడు. ఎక్కడైనా తేడా తగిలితే చెయ్యి ఆపి "ఎక్కింది" అని పైకి అనేవాడు. విప్పి మళ్ళీ చుట్టేవాడు. ఒక్కరోజులో పదిసార్లయినా ఆ మాట విన్నాను. ప్రతిసారీ అదే గొంతు, విసుగు లేదు. ఇప్పుడు క్లాసులో బోర్డు మీద నేను లెక్క తప్పు చేస్తే గబుక్కున తుడిచేయను. తప్పింది పిల్లలూ అని చెప్పి, ఎక్కడ తప్పిందో చూపించి, అప్పుడు దిద్దుతాను. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు అలా చేయలేదు.

ఈసారి స్విచ్ వేస్తే జానెడు మెరుపు నిటారుగా లేచింది. ఏం పాడించమంటారని అడిగాను. కర్ణాటక అంచున ఉన్న హొళగుంద వైపు నుంచి వచ్చిన వాళ్ళమ్మ సగం తెలుగు, సగం కన్నడంలో పాడే జోలపాట ఒకటి కూనిరాగం తీశాడు. చిన్న కీబోర్డు మీద వెతుక్కుంటూ నొక్కాను. కాయిల్ తుమ్మెదలాగా బొంగురుగా పాడింది.

"మా అమ్మదీ బొంగురు గొంతే" అన్నాడు.

నేను అలసిపోయి స్విచ్ కట్టేయబోతుంటే ఉండమన్నాడు. మూల నుంచి పాడైపోయిన ట్యూబ్‌లైటు ఒకటి తెచ్చి పట్టుకున్నాడు. ఏ వైరూ లేకుండా అది ఆయన చేతిలో తెల్లగా వెలిగింది. ఎండకు సగం దించిన షట్టరు వైపు ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ పోయాడు. వెలుగు సన్నగిల్లి ఆరిపోయింది. ఒక అడుగు ముందుకు వేశాడు, వెలిగింది. ఇంక కదలకుండా వెలుగు ఆరే ఆ గీత మీదనే నిలబడ్డాడు, ట్యూబు మొహానికి దగ్గరగా పట్టుకుని, పొర కమ్మిన కళ్ళతో ఆ వెలుగులోకి చూస్తూ.