రెండో బీగంచెవి

అరిగిపోతుందనుకున్న మాట ఇన్నేళ్లయినా నా కడుపులో రాయిలాగే ఉంది. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

నా కొడుకు భార్యను కొట్టేవాడు. నేను చూస్తూనే వంట చేసుకునేదాన్ని. చివరికి కోడలు ప్రొద్దుటూరు కోర్టుకు పోయి, వాడు మా గడప తొక్కకూడదని, ఆమె దగ్గరికి, నా మనవరాలి దగ్గరికి రాకూడదని అత్యవసరంగా ఆర్డరు తెచ్చుకుంది. వాడు జమ్మలమడుగులో మేనమామ ఇంట్లో చేరాడు. అత్తను మాత్రం నాతోనే ఉండనీయండని జడ్జిగారిని కోడలే అడిగింది. తలుపుకు కొత్త బీగం వేయించింది. పాతది బాగానే ఉంది కదా, దుబారా అని గొణిగాను. రెండో బీగంచెవి నా చేతిలో పెట్టింది.

పెద్దల అమావాస్య వచ్చింది. పోయిన నా భర్తకు పంచె పెట్టి, కొడుకు చేత టెంకాయ కొట్టించాలి. మా ఇళ్లలో ఆడవాళ్లు కొట్టరు. కోడలు పనిచేసే బట్టల అంగడి సాయంత్రం దాకా ఉంటుంది. ఆలోగా వాడు వచ్చి, టెంకాయ కొట్టి, అన్నం తిని పోతాడు. ఎవరికీ తెలియదు. అలా అనుకుని వాడికి కబురు పెట్టి, బస్టాండులో వాడి చేతికి బీగంచెవి ఇచ్చి, అటే పూలకు మార్కెట్టుకు పోయాను. అగ్గువకు ఇచ్చేదాకా బేరమాడుతూ నిలబడ్డాను. అమావాస్యకు కోడలి బట్టల అంగడి మధ్యాహ్నానికే మూసేస్తారన్నది నాకు తోచనే లేదు.

తిరిగి వచ్చేసరికి వాకిట్లో జనం. వాడు ఆమె చేతిని తలుపు సందులో పెట్టి నొక్కాడు. మణికట్టు విరిగింది.

ఆడ కానిస్టేబుల్ నన్నడిగింది. "ఎవురు రానిచ్చినారవ్వా వాన్ని?"

"మా కోడలే పిలుచుకునింది," అన్నాను. "మొగుడూ పెండ్లాలు. పొద్దున కొట్లాడుకుంటారు, మాపటికి ఒకటైతారు. కోర్టులకేం తెలుసుమ్మా?"

కోడలు ఏడవలేదు. విరిగిన చేతిని కొంగులో పొదువుకొని ఒకే మాట అడిగింది. "నీ బీగంచెవి యాడుందత్తా?"

"యాడో పడిపాయ," అన్నాను. అది వాడి జేబులో ఉంది.

కోర్టులో నా మాటే వాడికి అక్కరకొచ్చింది. ఆర్డరు దాటినందుకు పడాల్సిన శిక్ష పడలేదు. కోడలు నా మనవరాలిని తీసుకొని పులివెందులలో పుట్టింటికి పోయింది. ఆ చెయ్యి ఇప్పటికీ సరిగా తిరగదట.

భర్త కోసమే చేశానా? ఇన్నాళ్లూ నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. కొడుకు నా ఇంట్లో కూర్చొని అన్నం తింటుంటే కళ్లారా చూసుకోవాలని ఆశపడ్డాను, ఆ ఆశకు పోయిన మనిషిని అడ్డం పెట్టుకున్నాను. ఇప్పుడు వాడు రోజూ నా ఇంట్లోనే తింటున్నాడు. చూడబుద్ధి కాదు. ఆడది కొట్టిన టెంకాయను పెద్దలు ముట్టరని ఎవరు చూసొచ్చారు? ఏటా నేనే కొడుతున్నాను. బాగానే పగులుతోంది.

క్షమించమని అడగను. అడిగితే ఆమె నెత్తిన ఇంకో పని పెట్టినట్టు. ఉన్నమాట రాస్తున్నాను. ఆమె వాడిని పిలవలేదు. బీగంచెవి ఇచ్చింది నేను.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. రేపు పులివెందుల బస్సెక్కి ఆమె ఎదుట నిలబడి ఇదే మాట చెబుతాను. తలుపు తీయడమా, మానడమా, ఆమె ఇష్టం.