సుధాకరరావు గారి మేడమ్ చైర్

సుధాకరరావు గారిది ఒక్కటే అలవాటు. ఏ పనైనా సరే, ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, ఆ మీదటే ఆయన కుర్చీలోంచి లేస్తారు. ఆకలేసి అన్నం తినాలన్నా ఇంట్లో తీర్మానం పాస్ కావాల్సిందే. ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి, ఆయన ప్రతిపాదిస్తే భార్య శ్యామలాదేవి బలపరచాలి, ఆవిడ ప్రతిపాదిస్తే ఆయన బలపరుస్తారు. ఏ సంగతీ ఎర్ర అట్ట నోటుబుక్కులో పడకుండా పోదు.

"ఉప్మా చేసెయ్యనా?" అంటుంది శ్యామలాదేవి పొద్దున్నే.

"ప్రతిపాదన వచ్చింది. సవరణలేమైనా ఉన్నాయా?"

"సవరణేంటండీ?"

"ఉప్మా బదులు దోసె అని ఎవరైనా అనొచ్చుగా."

"ఎవరంటారు? ఉన్నది మీరూ నేనూ. పిండి లేదు."

"పిండి లేనందున సవరణ చెల్లదు," అని ఆయన రాసుకుంటారు. "జీడిపప్పు వెయ్యాలా వద్దా అన్నది ఉపసంఘానికి వదిలేద్దాం."

ఆ ఉపసంఘంలో కూడా సభ్యురాలు ఆవిడే.

పుట్టుకతో వచ్చిన జబ్బు కాదిది. భీమవరం నుంచి ఈ పరాయి దేశం వచ్చి, ఇక్కడి షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్ళు ఓడల డ్రాయింగులు గీసి, రిటైరై హౌగాంగ్‌లో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లో స్థిరపడేవరకూ ఆయన మనలాంటి మనిషే. ఒకరోజు బాత్రూంలో కుళాయి కారుతుంటే, బాగుచెయ్యడం ఎలాగో చూద్దామని ట్యాబ్‌లో యూట్యూబ్ తెరిచారు. కుళాయి వీడియో అయిపోగానే దాని వెనకాలే ఇంకోటి దానంతటదే మొదలైంది. ఇంగ్లండులో బ్రాకెన్‌ఫోర్డ్ అనే ఊరి జిల్లా కౌన్సిల్ సమావేశం. బస్టాండు పక్కన మరుగుదొడ్డి మూసెయ్యాలా, ఉంచాలా అన్నది చర్చ.

ఆయన మూడున్నర గంటలు కదలకుండా చూశారు. నలభై మంది మాట్లాడారు. చివరికి విషయం వచ్చే నెలకి వాయిదా పడింది. ఆ వాయిదా ఆయన్ని కట్టిపడేసింది. నెల రోజులు ఆ మరుగుదొడ్డి బెంగతో సరిగ్గా భోంచెయ్యలేదు. కుళాయిని మాత్రం శ్యామలాదేవి ప్లంబర్ని పిలిపించి బాగుచేయించుకుంది.

ఎనిమిది నెలలు తిరిగేసరికి బ్రాకెన్‌ఫోర్డ్‌లో ఏ రోడ్డు మీద ఎంత లోతు గొయ్యి ఉందో, ఎవరి కంచె పక్కింటి మీదికి ఎన్ని అంగుళాలు పెరిగిందో, చెత్తబండి సోమవారం రావాలని ఎవరన్నారో, గురువారమని ఎవరన్నారో అన్నీ ఆయనకి కంఠోపాఠం. సొంత బ్లాకులో చెత్త ఎప్పుడు ఎత్తుతారంటే మాత్రం భార్య మొహం చూసేవారు.

ఇంతవరకూ శ్యామలాదేవి ఓర్చుకుంది. మగవాళ్ళు రిటైరైతే ఏదో ఒక పిచ్చి పట్టక మానదు, పేకాట కంటే ఇది నయం అనుకుంది. ఆవిడ ఓర్చుకోలేకపోయింది ఒక్కరిని. ఆ కౌన్సిల్ అధ్యక్షురాలు మిసెస్ హార్గ్రీవ్‌ని. సుధాకరరావు గారి నోట ఆమె పేరు ఎప్పుడూ రాదు. భక్తిగా 'మేడమ్ చైర్' అంటారు.

"ఏం మనిషి శ్యామలా ఆవిడ! గొంతు ఎత్తదు. ఊరికే కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతుంది. అంతే, నలభై నోళ్ళు మూతపడతాయి."

ఆ రోజు మధ్యాహ్నం భర్త ఏదో గొణుగుతుంటే శ్యామలాదేవి కూడా కళ్ళజోడు తీసి టీపాయ్ మీద పెట్టి చూసింది.

"కళ్ళు మండుతున్నాయా? డ్రాప్స్ వెయ్యనా?" అన్నారాయన.

అయిదో అంతస్తులో ఉండే ప్రభావతి ఆవిడకి ప్రాణస్నేహితురాలు. ఆవిడ దగ్గర గోడు వెళ్ళబోసుకుంది.

"ఇంతకీ ఆ తెల్లావిడ వయసెంత?" అంది ప్రభావతి.

"డెబ్బై దాటే ఉంటాయి."

"డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ మీద నీకు అసూయేంటే?"

"ఈయనకి మాత్రం పదహారా? అరవై నాలుగు. నిన్న ఆవిడకి జలుబు చేసిందట. గొంతు పట్టేసింది పాపం, మిరియాల చారు తాగితే తగ్గేది అని భోజనం దగ్గర మూడుసార్లు అన్నారు. నెల్నాళ్ళుగా నా మోకాలు నొప్పంటే, 'నమోదు చేశాను' అన్నారు."

"రాసుకున్నారుగా పోనీ."

"రాసుకుంటే తగ్గుతుందా?"

ఆదివారాలు కూతురు నిఖిల, అల్లుడు కౌశిక్ దగ్గర్లోని పుంగ్గోల్ నుంచి వచ్చేవారు. కౌశిక్ బ్యాంకులో సాఫ్ట్‌వేర్ మేనేజరు. మంచివాడే కానీ, మాట్లాడటం మొదలుపెడితే రైలు చివరి స్టేషన్‌కి చేరినా ఆపడు. నిఖిల అతన్ని మించింది. సుధాకరరావు గారు ఆ ఇద్దరినీ మించినవారు. ముగ్గురి మధ్యా శ్యామలాదేవి "నేనేమంటానంటే..." అని మొదలుపెట్టేది. ఆవిడ ఏమంటుందో మిగతా ముగ్గురూ తలో రకంగా చెప్పేసేవారు. ఆవిడ నవ్వేసి పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఈ మధ్య ఆ ఆదివారపు కబుర్లకి కూడా సభామర్యాద వచ్చిపడింది. తలా మూడు నిమిషాలు. ఫోన్‌లో టైమర్.

"ముందుగా శ్యామలాదేవి గారు," అని పిలిచేవారు ఆయన, నోటుబుక్కు తెరిచి.

"మావయ్యా, బేసికల్లీ అత్తయ్య గారు చెప్పేదేంటంటే..."

"కౌశిక్, నీ వంతు రాలేదు."

శ్యామలాదేవికి ఒళ్ళు మండిపోయేది. ఆ తెల్లావిడ దగ్గర నేర్చిన ఆట తనతో ఆడుతున్నారన్నమాట! "నాకు చెప్పేదేం లేదు," అని మొహం తిప్పుకునేది. ఆ మూడు నిమిషాలూ ఎవరూ మాట్లాడకుండా ఫ్యాను చప్పుడు వింటూ కూర్చునేవారు. వరసగా నాలుగు ఆదివారాలు అలాగే గడిచాయి.

ఒక గురువారం సుధాకరరావు గారు స్నానానికి వెళ్ళారు. సోఫాలో ట్యాబ్ టింగుమంది. చూడకూడదనుకుంటూనే శ్యామలాదేవి చూసింది. హార్గ్రీవ్! పైన రెండు ముక్కలు కనిపించాయి. 'డియర్ మిస్టర్ రావ్, మీ ఉత్తరం చదివి రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను...' అంతలో తెర నల్లబడింది.

చూడటం వేరు, ఉత్తరాలు రాసుకోవడం వేరు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో తనకి ఒక్క ఉత్తరం రాసిన పాపాన పోలేదు ఈ మనిషి. షిప్‌యార్డులో చేరిన మొదటి ఏడాది తను భీమవరంలో ఉంటే, 'క్షేమం, బియ్యం దొరుకుతున్నాయి' అని ఒక కార్డు వచ్చింది. దాన్ని ఉత్తరం అనరు.

ఆ రోజు నుంచి ఆవిడ ఏదీ బలపరచడం మానేసింది. శుక్రవారం టీ తీర్మానం వీగిపోయింది. శనివారం నడకకి వెళ్దామన్నది వీగిపోయింది. సుధాకరరావు గారు ఒక్కొక్కటీ విచారంగా నోటుబుక్కులోకి ఎక్కించుకున్నారు కానీ, కారణం అడగలేదు. అడగడానికి ముందు నోటీసు ఇవ్వాలేమోనని కాబోలు.

ఆ వారంలోనే లిఫ్టు దగ్గర ఒక కాగితం అంటించారు, తెలుగులో తప్ప నాలుగు భాషల్లో. బ్లాకు కింద గోడల్లేకుండా ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో ఉన్న మూడు రాతి బల్లలూ తీసేసి, సైకిళ్ళు పెట్టుకునే స్టాండ్ కట్టాలని నివాసుల కమిటీ ఆలోచన. ఆదివారం పదింటికి సమావేశం, అందరూ రావొచ్చు.

శ్యామలాదేవి ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడింది. ఆ బల్లల్లో ఒకటి ఆవిడ సామ్రాజ్యం. రోజూ ఏడింటికి ఆవిడా, ప్రభావతీ, మూడో అంతస్తు లిమ్ ఆంటీ, మలయ్ ఆవిడ ఒకరూ, తమిళ బామ్మ ఒకరూ కోపి అని పిలిచే ఇక్కడి కాఫీ గ్లాసులతో అక్కడ చేరేవారు. ఎవరి భాష వాళ్ళదే, అయినా అందరికీ అన్నీ అర్థమయ్యేవి.

"నువ్వు రా. వచ్చి చెప్పు," అన్నారు సుధాకరరావు గారు.

"నేనెందుకు? మీ మేడమ్ చైర్ ఉందిగా, ఆవిణ్ణి పిలిపించండి," అంది శ్యామలాదేవి.

అన్నదే కానీ, ఆదివారం వెళ్ళింది. ప్రభావతి పక్కన, చివరి వరుసలో కూర్చుంది. కమిటీ అధ్యక్షుడు మిస్టర్ గో మంచి మనిషి, కానీ సభ ఆయన చేతిలో లేదు. సైకిళ్ళవాళ్ళు ఒక పక్క, కార్లవాళ్ళు ఒక పక్క, పిల్లలు ఆడుకోవడానికి చోటు కావాలనేవాళ్ళు ఒక పక్క, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. బల్లల దగ్గర కూర్చునేవాళ్ళు మాత్రం నోరు మెదపలేదు.

సుధాకరరావు గారు లేచి నిలబడ్డారు. "పాయింట్ ఆఫ్ ఆర్డర్!"

"అయ్యో, మిస్టర్ రావ్, నాట్ అగెయిన్," అని నాలుగు వైపుల నుంచి మూలుగులు వినిపించాయి.

"తలా మూడు నిమిషాలు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డం రాకూడదు. ఆ బల్లలు వాడేవాళ్ళు ముందు మాట్లాడాలి. ఇది నా ప్రతిపాదన. ఎవరైనా బలపరుస్తారా?"

ఆయన్ని కూర్చోబెట్టడానికి అదే దారి అనుకున్నారో ఏమో, ఒకేసారి పదిమంది బలపరిచారు.

"అయితే మొదటి పేరు, నా భార్య శ్యామలాదేవి. తనకి ఏ భాష వస్తే ఆ భాషలో మాట్లాడుతుంది. నేను ఇంగ్లీషులో చెప్తాను."

శ్యామలాదేవికి భూమిలోకి కుంగిపోయినట్టయింది. వద్దని తల అడ్డంగా ఊపబోయింది. అంతలో, భర్త మొహంలో ఆ వెలుగు చూసింది. ట్యాబ్ ముందు కూర్చున్నప్పుడు ఉండే వెలుగే అది. ఎక్కడో కాలింది ఆవిడకి. ఆ తెల్లావిడ అయితే మాట్లాడగలదు, నేను మాట్లాడలేననా? ఆవిడకంటే నేనెందులో తక్కువ? చీర చెంగు దోపుకుని లేచింది.

"లిమ్ ఆంటీ, ఎయిటీ వన్. ఒంటరి మనిషి," అని ముందు వరసలో కూర్చున్న ముసలావిడని చూపించింది. "ఎవ్రీ డే, సెవెన్ ఓ క్లాక్, సేమ్ ప్లేస్." అక్కడికి ఇంగ్లీషు అయిపోయింది. తెలుగులోకి దిగింది. "మొన్న చైనీస్ న్యూ ఇయర్ ముందు, ఏడున్నరైనా ఆవిడ చోటు ఖాళీగానే ఉంది. మాకు కోపి దిగలేదు. పైకెళ్ళి తలుపు కొట్టాం. పలకలేదు. గార్డుని పిలిచి తీయిస్తే బాత్రూంలో పడిపోయి ఉంది, తెల్లవారుజాము నుంచీ. ఇవాళ ఇక్కడ కూర్చుందంటే ఆ బల్ల వల్లే. రేపు అక్కడ సైకిళ్ళు పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక సైకిలు రాకపోతే, ఎవరైనా పైకెళ్ళి తలుపు కొడతారా?"

మామూలుగా ఒక వాక్యాన్ని పది చేసే సుధాకరరావు గారు, ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ఒక్క ముక్క కలపకుండా ఇంగ్లీషులో చెప్పి ఊరుకున్నారు.

"దిస్ వన్, నోబడీ టోల్డ్ మీ," అన్నాడు మిస్టర్ గో మెల్లగా.

"నోబడీ ఆస్క్," అంది శ్యామలాదేవి.

ఓట్లు తీశారు. రెండు బల్లలు ఉండాలని, ఒక్కటి తీసి ఆ మేరకే సైకిళ్ళు పెట్టుకోవాలని తేలింది. సరిగ్గా వినపడని లిమ్ ఆంటీ ఏం జరిగిందని సైగ చేసింది. ప్రభావతి రెండు వేళ్ళు చూపించింది. లిమ్ ఆంటీ ఇంకొంచెం బేరమాడి ఉండాల్సిందన్నట్టు పెదవి విరిచింది.

లిఫ్టులో సుధాకరరావు గారు ఏదో అనబోయారు. శ్యామలాదేవి చెయ్యెత్తింది.

"ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి. ఆవిడకి మీరేం రాశారు? ఆవిడేం రాసింది?"

"ముందస్తు నోటీసు లేని ప్రశ్నలు..."

"ఏమండీ!"

ఇంట్లోకి వెళ్ళగానే ఆయన ట్యాబ్ తెరిచి ఇచ్చారు. శ్యామలాదేవి కూడబలుక్కుంటూ చదివింది. కింద ఆయన రాసింది ఉంది. ఇంటి ఉపసంఘాలూ, నోటుబుక్కూ, ఆదివారాల మొదటి వంతూ, మొదటి నుంచి చివరి వరకూ అంతా తన గురించే. 'నా భార్యకి మా బ్లాకులో పేరు తెలియని మనిషి లేడు. కానీ నలుగురిలో ఆమె మొదలుపెట్టిన మాట ఒక్కటీ చివరి దాకా వెళ్ళదు. మధ్యలో అందుకునేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే, ముప్ఫై ఆరేళ్ళుగా. మీ సభలో ఎవరి మాటా తెగదు. అదెలాగో నాకు చెప్పగలరా?'

పైన మిసెస్ హార్గ్రీవ్ జవాబు. 'మీ ఉత్తరం చదివి రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను, మీ ఇంటి ఉపసంఘాల్ని తలుచుకుని. మీరు ఇప్పటికే సగం దారి వచ్చారు. ఆమెకి మొదటి వంతు ఇవ్వడం మానకండి. నెల రోజులు మాట్లాడకపోయినా మానకండి. కౌన్సిల్లో చేరాక నేను నోరు తెరవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ నోటుబుక్కు కూడా వదలకండి. రాస్తున్న మనిషికి మధ్యలో అందుకునే తీరిక ఉండదు.'

శ్యామలాదేవి ట్యాబ్ పక్కన పెట్టింది.

"నోటుబుక్కు అందుకా?"

"లేకపోతే నా నోరు ఆగుతుందా?" అన్నారు సుధాకరరావు గారు నేల చూపులు చూస్తూ.

"నా మోకాలు నొప్పి దాంట్లో ఉందా?"

ఆయన పేజీలు తిప్పి చూపించారు. పదకొండుసార్లు ఉంది, ప్రతిసారీ తేదీతో. పన్నెండోది డాక్టరు అపాయింట్‌మెంటు, మంగళవారం తొమ్మిదిన్నరకి.

శ్యామలాదేవి ముక్కు చీది, లేచి వెళ్ళి టీ పెట్టింది. ప్రతిపాదన లేదు, బలపరచడం లేదు. ఆయన కూడా అభ్యంతరం చెప్పలేదు. రెండు కప్పులు తెచ్చి, మొదటిసారి భర్త పక్కన సోఫాలో సర్దుకుని కూర్చుని, "పెట్టండి మీ బ్రాకెన్‌ఫోర్డ్. ఏముందో నేనూ చూస్తా," అంది.

ఆ వారం చర్చ చెరువులో బాతుల గురించి. పది నిమిషాలయ్యేసరికి శ్యామలాదేవి ముందుకి వంగింది. ఇరవై నిమిషాలకి టీ చల్లారిపోయింది.

"ఏమండీ, ఆ మూలన నీలం టై కట్టుకున్నాయన ఎవరు?"

"ఆయనా... ఎవరో పెంబర్టన్ అట. ఏం?"

"ఎంత చక్కగా మాట్లాడుతున్నాడండీ! ఆ బాతుల మీద ఎంత జాలి! మనిషి కూడా ఆ వెండి జుట్టుతో భలే నిండుగా ఉన్నాడు. ఈయన ప్రతి వారం వస్తాడా?"

సుధాకరరావు గారు టక్కున ట్యాబ్ మూసేశారు.

"సభ వాయిదా పడింది," అన్నారు.

"ఎవరు ప్రతిపాదించారు?"

"నేను."

"ఎవరు బలపరిచారు?"

"అత్యవసర పరిస్థితుల్లో అక్కర్లేదు," అని ఆయన ట్యాబ్ చంకలో పెట్టుకుని పడగ్గదిలోకి వెళ్ళిపోయారు.