వార్తలు చదివే వంతు

మైకు కీచుమంది. పెనుకొండలో మా బడి ప్రార్థనకు ముందు అది రోజూ అలాగే అరుస్తుంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, హిందూపురంలో నాకు సోషల్ చెప్పిన నంజుండప్ప సార్ గుర్తొస్తారు. ఇప్పుడు నేనూ టీచర్నే. నిన్న మళ్ళీ ఏదో దేశంలో, సంతలో బాంబు పేలిందట. మళ్ళీ! ఇలాంటివి వినీ వినీ నాకు కోపం కూడా రావడం మానేసింది, ఒంట్లో ఓపిక పోయినట్టు ఉంటుంది, అంతే.

మా రోజుల్లోనూ ప్రార్థన కాగానే ఒకరు వార్తలు చదవాలి, వంతులవారీగా. తొమ్మిదో తరగతిలో నా వంతు వచ్చిన రోజే పేపరు నిండా ఒక దూరదేశపు దాడి. చంపినవాళ్ళు అల్లా పేరు చెప్పుకున్నారు. సైకిళ్ళకు పంక్చర్లు వేసే మా నాయన పొద్దున్నే పేపరు చూసి, "తలనొప్పని చెప్పి ఇంట్లోనే ఉండమ్మా" అన్నాడు. అయినా వెళ్ళాను. లెక్కల మేడం నన్ను చూడగానే నంజుండప్ప సార్‌తో, "సార్, ఈ రోజు షాహీనా వద్దులెండి, అందరూ ఆ పిల్లనే చూస్తారు" అంది, జాలిగానే. నాకూ అదే కావాలి. గబగబా తల ఊపాను.

సార్ ముక్కుపొడి డబ్బీ జేబులో వేసుకుని నా వైపు తిరిగారు.

"ఏమ్మా, ఆ బాంబు నువ్వు పెట్టినావా?"

"లేదు సార్."

"మీ నాయన పెట్టినాడా? పంక్చర్లు ఏసేకే పొద్దు చాలదు ఆయప్పకి."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. ఆయన గొంతు తగ్గించారు. "ఈ పొద్దు దాక్కుంటే, ఇంగ యాడ ఏం జరిగినా దాక్కోవల్ల తల్లీ. ఇవి ఆగేటివా? నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తాండా. ఆ జెండా కాకపోతే ఈ జెండా."

పేపరు లోపలి పేజీ తిప్పి, మూలనున్న నాలుగు వాక్యాల మీద వేలు పెట్టారు. "చంపినోళ్ళ పేర్లు పైన ఇంత లావున ఏసినారు. చచ్చిపోయినాయప్ప ఈడుండాడు చూడు. ముందు ఇది చదువు."

చదివాను. రొట్టెలమ్మే ముసలాయన. మనవరాలిని బడిలో దింపి వచ్చి కొట్టు తెరిచాడట. పేరు యూసుఫ్. మా తాత పేరూ అదే. అందరూ నన్నే చూశారు, చూడకపోవడమేం? కానీ వరుసలో నిలబడ్డాక పక్కనున్న సరోజ నా చెవిలో, "సాయంత్రం ఆ పాపను ఎవరు తీసుకపోయింటారే?" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

రిటైరయ్యాక సార్ ధర్మవరంలో కూతురింట్లో ఉండేవారు. చివరిసారి చూడబోయినప్పుడు టీవీలో ఎవరో ఏదో దాడి గురించి అరుస్తున్నారు. చెవులు సరిగా వినబడని ఆ మనిషి నన్నడిగింది ఒకటే: "చచ్చిపోయినోళ్ళ పేర్లు చెప్పినారా?" లేదన్నాను. "కట్టెయ్యి అయితే" అన్నారు. ఆ యేడే పోయారు.

ఈ రోజు వంతు ఎనిమిదో తరగతి రేష్మాది. ఇలాంటి వార్తయితే ముందు చనిపోయినవాళ్ళ పేర్లు చదవమని పిల్లలకు చెప్పి ఉంచాను. మైకు ముందు నిలబడి, పేపరు అటూ ఇటూ తిప్పి, దిగులుగా నా వైపు చూసింది.

"మేడం, అంకె మాత్రమే ఉండాది. పేర్లు వెయ్యలేదు."

"అదే చదువమ్మా," అన్నాను. "పేర్లు వెయ్యలేదని గట్టిగా చదువు."