ఆదివారానికి ముందే వెలిగిన కొవ్వొత్తి

కొవ్వొత్తులు పోసే ఆయనను వీధి వీధంతా మైనం మామయ్య అనేది. ఇంటి వెనుక గదిలోనే పని. పొద్దున్నే పొయ్యి మీద మైనం కరిగించడం, అచ్చుల్లో వత్తులు బిగించడం, మైనం చల్లారేకొద్దీ వత్తి చుట్టూ పడే గుంటను మళ్లీ పోసి పూడ్చడం. ఏ చొక్కా చూసినా మైనపు చుక్కలే. "మీ బట్టలు ఉతికితే చాలదండీ, గీకాలి" అని భార్య నవ్వేది.

ఆగమన కాలం వస్తే మాత్రం ఇంట్లో పెత్తనమంతా ఆమెది. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, పచ్చని కొమ్మల వలయంలో నాలుగు కొవ్వొత్తులు. మూడు ఊదారంగువి, ఒకటి గులాబీ రంగుది. వారానికొకటి వెలగాలి: నిరీక్షణకు, శాంతికి, సంతోషానికి, ప్రేమకు. ఆ రోజుల్లో ఎవరైనా తొందరపడి క్రిస్మస్ పాట కూనిరాగం తీసినా, ఇవి ఎదురుచూసే రోజులంటూ ఆమె ఊరుకునేది కాదు.

ఆ ఏడు ఆమె మంచం పట్టింది. ఊపిరితిత్తుల జబ్బు. డాక్టరు మామయ్యను వరండాలోకి పిలిచి, "పండగ దాకా కష్టమండీ" అన్నాడు. కూతురు అత్తవారింటి నుంచి వచ్చి తల్లి దగ్గరే ఉండిపోయింది.

మూడో ఆదివారం గులాబీ రంగుది వెలిగించినప్పుడు ఆమె దిండుకు ఆనుకుని కూర్చోగలిగింది. మంగళవారానికల్లా గ్లాసు పట్టుకునే ఓపిక కూడా పోయింది. ఆ మధ్యాహ్నం మామయ్య పని ఆపి, చేతులు కడుక్కుని వచ్చాడు. వలయం పెట్టిన బల్లను మంచం దగ్గరికి జరిపి, మూడింటితో పాటు నాలుగోదీ వెలిగించాడు.

"నాన్నా, ఇంకా ఆదివారం రాలేదు కదా?" అంది కూతురు.

"నువ్వూరుకో తల్లీ" అన్నాడాయన.

భార్య కళ్లు తెరిచి, ఆ వెలుగు వంక చాలాసేపు చూసింది. "ఏమండీ, ఇవాళ ఏ వారం?"

"మంగళవారం."

"మరి ఇదేంటి?"

"నువ్వు చూస్తావనీ..."

"డాక్టరు ఏమన్నాడో నాకు తెలీదనుకున్నారా? వరండాలో మాటలు ఇక్కడికి వినపడతాయి." ఊపిరి కోసం ఆగింది. "ఆర్పేయండి. ఎదురుచూస్తూనే పోతాను, అందులో తప్పేముంది? ప్రభువు ముందే వచ్చేసినట్టు నాటకాలొద్దు." కాస్త నవ్వింది. "ఇన్నేళ్లు కొవ్వొత్తులు పోశారు గానీ, వారాలు రావు మీకు."

ఆయన వంగి నాలుగోదాన్ని ఊదాడు. పొగకు తల్లికి దగ్గొస్తుందని కూతురు చీర కొంగుతో కిటికీ వైపు విసిరింది.

శుక్రవారం ఆమె పోయింది. మర్నాడు సమాధి చేశారు. ఆదివారం చర్చికి బయలుదేరుతూ కూతురు పిలిస్తే ఆయన కదల్లేదు.

"ఇంక ఎవరికోసం ఎదురుచూడాలమ్మా?"

కూతురు ఒక్కతే వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఖాళీ మంచం పక్కన ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. బల్ల మీద నాలుగూ వెలుగుతున్నాయి.

"వెలిగించకపోతే తిడుతుంది కదా" అన్నాడు. కూతురు పక్కన కూర్చుని ఆయన భుజం మీద తల ఆనించింది. అప్పుడు ఏడ్చాడాయన, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి.

పండగ వెళ్లాక కూతురు తనతో వచ్చేయమంది. "వస్తాలే, చూద్దాం" అన్నాడు గానీ సంచీ సర్దలేదు. ఆమెను బస్సెక్కించి, అది మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. ఆ తర్వాత ఇంటిదారి పట్టబుద్ధి కాక, అక్కడే బస్టాపు బల్ల మీద కూలబడ్డాడు.